తూకం తగ్గిన అతిమధురం

మా పిన్నికి ఎవరైనా మంచినీళ్ళిస్తే ముందు గ్లాసు వంక చూస్తుంది, తరవాత ఇచ్చిన మనిషి వంక చూస్తుంది, ఆ తరవాతే తాగుతుంది. పాలవాడు ఎదురొస్తే "ఈరోజు నీళ్ళలో పాలెన్ని కలిపావు?" అని పలకరిస్తుంది. మా బాబాయి దర్జీ, మెత్తటి మనిషి. "మీ పిన్ని నన్ను పెళ్ళి చేసుకుందంటే అది నా గొప్ప కాదురా. ఆరోజు తనకి జ్వరంగా ఉంది, సరిగ్గా చూసుకోలేదు," అనేవాడు.

పుట్టుకతోనే అలాంటిది కాదట. మా అక్కకి, అంటే పిన్ని కూతురికి, మూడేళ్ళప్పుడు గొంతు వాచి మింగుడు పడలేదు. వీధిలో ఒకాయన సీసాలు అమ్ముకుంటూ వచ్చాడు. స్వచ్ఛమైన తేనె, అందులో వేర్ల సారం, తన సొంత పిల్లలకి కూడా ఇదే పడతానని గుండె మీద చెయ్యేసి చెప్పాడు. పిన్ని నమ్మి రెండు చెంచాలు పట్టింది. పిల్ల రెండు రోజులు వాంతులతో వాడిపోయింది. సీసా అడుగున చూస్తే పాకం, రంగు తప్ప ఇంకేం లేవు. పిల్ల తేరుకుంది గానీ పిన్ని తేరుకోలేదు. "గుండె మీద చెయ్యేసుకున్న మనిషిని చూస్తే ముందు నా సంచీ తడుముకుంటాను," అనేది.

ఆ తరవాతే గొంతు పొడి తయారుచేసే చోట పనికి కుదిరింది. ఏం కలుస్తోందో కళ్ళారా చూడొచ్చని కుదిరిందట. ఇరవై ఆరేళ్ళు చేసింది.

ముందు వైపు కొట్టు, మధ్యలో ఏరే గది, వెనక మర. ఇంతే ఆ చోటు. కొట్టుకి వచ్చేవాళ్ళంతా గొంతు మీద బతికేవాళ్ళు. పంతుళ్ళు, పంతులమ్మలు, బస్సు కండక్టర్లు, పాట నేర్పేవాళ్ళు, వేలం పాటలు నడిపేవాళ్ళు. పొడిలో పడేవి అయిదే. అతిమధురం, శొంఠి, కరక్కాయ పెచ్చులు, పిప్పళ్ళు, లవంగాలు. వీటిలో చెత్తా చెదారం తీసి, పుచ్చులు ఏరి, మంచి సరుకు తూచి మరకి పంపడం పిన్ని పని. కిటికీ కింద పీట, ముందు చేట, ఒళ్ళో పాత దుప్పటి ముక్క. లవంగాన్ని గోటితో నొక్కి నూనె ఊరకపోతే పక్కన పడేసేది. శొంఠి కొమ్ముకి సున్నం మరీ తెల్లగా ఉంటే, "ఇంత పౌడరు రాసుకున్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట," అని దాంతోనే మాట్లాడేది.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం అతిమధురం మీద. ఒకసారి ఉడికించి సారం లాగేసిన వేర్లని మళ్ళీ ఎండబెట్టి అమ్మే ఘనులున్నారు. చూపుకి తేడా తెలీదు. పిన్ని ప్రతి బస్తాలోంచి నాలుగు వేర్లు తీసి విరిచేది. లోపల పసుపు రంగు ఉండాలి, పీచు దారాల్లా లేవాలి. అప్పుడు కొరికి, నమిలి, కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టేది. తీపి వంద దాకా నాలుక మీద నిలిస్తే సరుకు లోపలికి. ముప్ఫైకే పోతే బస్తా వెనక్కి. కాగితాలు, ముద్రలు ఎన్ని చూపించినా వినేది కాదు. "కాగితం తియ్యగా ఉంటుందా?" అనేది.

మర నడిపే ఆయన్ని అందరూ మరాయన అనేవాళ్ళు. పొడుగు మనిషి. మర చప్పుడుకి ఒక చెవి పోయింది. మూతికి గుడ్డ కట్టుకుని, కనుబొమల మీద పసుపు దుమ్ముతో గోడ మీది బొమ్మలా నిలబడేవాడు. ఇరవై ఏళ్ళలో పిన్నితో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరం అవుతుందేమో. పిన్ని ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. మధ్యాహ్నం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. పిన్ని అనుమానించని మనిషంటూ ఆ చోట ఉంటే అది ఆయనే.

ఒక వానాకాలం తూకం తగ్గింది.

అతిమధురం గురువారం మాత్రమే ఆడేవాళ్ళు. ఇరవై కిలోల వేర్లు మరలో పడితే దుమ్మూ ధూళీ పోను పందొమ్మిదిన్నర పొడి తిరిగి వచ్చేది. ఏళ్ళ తరబడి అదే లెక్క. ఆ నెలలో మొదటి గురువారం పావు కిలో తక్కువొచ్చింది. సరేలే అనుకుంది. రెండో గురువారం మళ్ళీ పావు. మూడో గురువారం పిన్ని చేట కింద పెట్టేసింది.

ముందు తక్కెడని అనుమానించింది. ఇంట్లోంచి తన కిలో రాయి పట్టుకెళ్ళి పెట్టి చూసింది. తక్కెడ నిజాయితీపరురాలే. తరవాత వానని అనుమానించింది. వేర్లు చెమ్మ పీల్చి బరువెక్కుతున్నాయేమోనని ఎండలో పోసి తూచింది. బరువు మారలేదు. ఆ తరవాత ఎలుకలు. మర చుట్టూ పిండి చల్లించి తెల్లారి వెళ్ళి చూస్తే ఒక్క అడుగు జాడ లేదు. యజమానిని కూడా వదల్లేదు. ఆయన ఎప్పుడెప్పుడు వెనక గదికి వెళ్తున్నాడో చూసింది. వారం మొత్తంలో ఒక్కసారి వెళ్ళాడు, అదీ తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తాడు.

ఇక మిగిలింది ఒక్కరే.

నాలుగో గురువారం సాయంత్రం పని దిగిపోయే వేళ చూసింది. మరాయన చేతిలో అన్నం కారియరు. పొద్దున వచ్చేటప్పుడు నిండుగా, నిదానంగా ఊగేది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఖాళీ డబ్బా లొడలొడలాడాలి. ఆరోజు లొడలొడలాడలేదు. పొద్దున ఎలా ఊగిందో అలాగే ఊగుతూ వెళ్ళింది.

ఇంటికొచ్చి బాబాయితో చెప్పింది. "కంచే చేను మేస్తోంది. ఇరవై ఏళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను."

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తూ, "అడుగు," అన్నాడు.

"అడిగితే నిజం చెప్తాడా?"

"కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించకు. పోయిన గుడ్డ మళ్ళీ రాదు."

"నేనూ అదే అంటున్నా. కొలత తీసుకుంటాను," అంది పిన్ని.

తరవాతి గురువారం మధ్యాహ్నం అతిమధురం ఆడటం పూర్తయ్యాక కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదని తెలిసి యజమాని అందరినీ ఇంటికి పొమ్మన్నాడు. మరాయన కారియరు పట్టుకుని బయలుదేరాడు. పిన్ని గొడుగు అడ్డం పెట్టుకుని వెనకే బయలుదేరింది.

పెద్ద రోడ్డు మీద మూలికల కొట్లు రెండున్నాయి. మొదటి దాంట్లోకి వెళ్తాడనుకుంది. వెళ్ళలేదు. రెండో దాని ముందు ఆగాడు. పిన్ని గొడుగు ఇంకాస్త కిందికి దించింది. ఆయన చెప్పు పట్టీ సరిచేసుకుని ముందుకు కదిలాడు. "ఓహో, ఇంట్లోనే దుకాణం పెట్టాడు," అనుకుంది పిన్ని. రెండు సందులు తిరిగి, బట్టలు ఆరేసిన మెట్లెక్కి, మూడో అంతస్తులో ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. పిన్ని వంద లెక్కపెట్టి తలుపు కొట్టింది.

తీసింది ఆయన భార్య. పిన్నికి ఆవిడ బాగా తెలుసు. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేది. ఆవిడ ఒక వీధిలో "వంకాయలూ" అని కేకేస్తే మూడో వీధిలో వాళ్ళు సంచీ పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. ఆవిడ తలుపు పట్టుకుని నోరు తెరిచింది. మాట రాలేదు. గరుకు కాగితంతో చెక్క రుద్దినట్టు ఏదో చప్పుడొచ్చింది. పెదాల కదలికని బట్టి "రా వదినా" అన్నదని పిన్నికి అర్థమైంది.

ఒకే గది. మూలన మడత మంచం, కిటికీ గట్టు మీద గాజు సీసా. అందులో లేత పసుపు పొడి, పక్కన చెంచా. మరాయన కారియరు మూత తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. పై గిన్నెలో అదే పొడి. గదిలో దాక్కోవడానికి చోటు లేదు. దాయడానికి అంతకన్నా లేదు.

"అన్నయ్యా," అంది పిన్ని.

"రెండు నెలలు దాటింది చెల్లెమ్మా," అన్నాడు మరాయన, పిన్ని ఇంకేం అడగకుండానే. "ముందు గొంతు నొప్పి అంది. తరవాత బొంగురు. అల్లం రసం పట్టాను, ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నాను. మన పొడి కొని తెచ్చాను. పిప్పళ్ళ ఘాటుకి గొంతు మండుతోందంది. అందుకని ఒట్టి అతిమధురం..." ఆగాడు. "అడిగితే ఇచ్చేవాళ్ళే. అడగడానికి నోరు రాలేదు."

భార్య ఆయన వంక తిరిగింది. అది కొన్నది కాదని ఆవిడకి ఆ క్షణం దాకా తెలీదు. చేత్తో నుదురు కొట్టుకుంది.

పిన్ని అనుమానం అప్పుడు కూడా ఊరుకోలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి నాటకమాడుతున్నారేమో! "వదినా, ఏదీ, నోరు తెరువు," అంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కనపడినంత మేర ఎరుపూ లేదు, వాపూ లేదు. కిందికి చూస్తే ఆవిడ పాదాలు మాత్రం చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి. పిన్ని వంగి బొటనవేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

"రోజుకెన్ని చెంచాలు?"

ఆవిడ రెండు చేతుల వేళ్ళూ చూపించింది.

"పదా?" పిన్ని మరాయన వైపు తిరిగింది. "డాక్టరుకి చూపించలేదేం?"

"డాక్టరెందుకని..." ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నువ్వేగా చెల్లెమ్మా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్తావు. మన పొడికి తగ్గని గొంతు లేదని. ఎవర్నీ నమ్మని దానివి, నువ్వే నమ్మావంటే ఇక దానికి తిరుగేముంది?"

పిన్ని కిటికీ గట్టు మీది సీసా వంక తిరిగింది. నిజమే, చెప్పింది. ఇరవై ఆరేళ్ళుగా ఏరే గదిలోంచి తల బయటపెట్టి మరీ చెప్పింది.

వచ్చేటప్పుడు ఆ సీసాలోంచి చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకుని తెచ్చుకుంది. ఇంటి మెట్ల మీద కూర్చుని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. వంద దాటినా తీపి పోలేదు. తను ఏరిన సరుకే, మచ్చలేని సరుకు. "కల్తీ ఉంటే బాగుండునని జన్మలో మొదటిసారి అనిపించింది," అని చెప్పింది నాతో. "కల్తీ ఉంటే తప్పు ఎవడిదో ఒకడిది అయ్యేది. సరుకు మంచిది, మనిషికి తగ్గలేదు. మరి తప్పెక్కడుంది?"

మర్నాడు పనికి సెలవు పెట్టి ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వెళ్ళింది. అంత తేలిగ్గా కాలేదు. మరాయనకి ఆసుపత్రి మీద అనుమానం, లోపలికి వెళ్తే కోసేస్తారని. ఆయన భార్యకి పిన్ని మీద అనుమానం, ఆసుపత్రి పేరు చెప్పి పోలీసు స్టేషనుకి తీసుకెళ్తుందేమోనని. పిన్నికి మరాయన మీద ఇంకా కాస్త అనుమానం మిగిలే ఉంది. ముగ్గురూ ఒకరి వంక ఒకరు చూడకుండా బస్సులో కూర్చున్నారు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. ఈ వయసులో దీనికేం తెలుసునని పిన్నికి ఇంకో అనుమానం.

"మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మందులేం లేవండి. ఒట్టి పొడే," అన్నాడు మరాయన.

"ఏం పొడి?"

పిన్ని సంచీలోంచి గాజు సీసా తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. "అతిమధురం. రోజుకెంత?" అంది. పది వేళ్ళూ చూపించగానే మాట్లాడకుండా బీపీ పట్టీ చుట్టింది. ఒకసారి చూసి, నమ్మలేక రెండోసారి చూసింది. కాళ్ళు నొక్కింది. పిడికిలి బిగించమంది. బండి తోసిన చేతులు బిగుసుకోలేదు.

"వేరు చెడ్డది కాదండీ," అంది పిన్ని వైపు చూసి. "గొంతు గరగరకి కాస్త తీసుకుంటే హాయిగానే ఉంటుంది. ఇంతింత నెలల తరబడి తింటే ఒంట్లో ఉప్పూ నీరూ పట్టేస్తుంది, బీపీ ఎక్కుతుంది, కండ సత్తువ పోతుంది. ఈ కాళ్ళ వాపు దాని పనే. ముందు ఇది మానాలి."

"మరి గొంతు?" అంది పిన్ని.

"అది వేరే సంగతి. మూడు వారాలు దాటిన బొంగురుని పొడులతో సరిపెట్టకూడదు."

సన్నటి గొట్టం పెట్టి చూశారు. స్వరం పలికే చోట గోధుమ గింజంత కండ పెరిగి ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం ఆగమన్నారు. ఫలితం వచ్చింది. చెడ్డ జబ్బే. కానీ ఇంకా ఆ గింజ దగ్గరే ఉంది, పక్కకి పాకలేదు. "ఇంకో ఆర్నెల్లు పొడితో గడిపి ఉంటే నాకు చెయ్యడానికేం మిగిలేది కాదు," అంది డాక్టరమ్మ. ఆ పిల్ల మీద పిన్నికి అనుమానం ఆరోజుతో పోయింది.

ఈలోగా యజమాని తూకాల పుస్తకం తిరగేశాడు. పిన్నిని పిలిచి, "అయిదు గురువారాలు తక్కువొచ్చింది. ఎవరమ్మా?" అన్నాడు.

పిన్ని అప్పటిదాకా ఆ చోట ఒక్క అబద్ధం ఆడలేదు. "నేనే. తూకం సరిగ్గా చూసుకోలేదు," అంది.

ఆయన నమ్మలేదు. చీమ తలకాయ తూచమన్నా తప్పు పోని మనిషి అయిదుసార్లు తప్పు తూచిందంటే ఎవరు నమ్ముతారు? తీసింది ఈవిడే అనుకున్నాడు. పైకి అనలేదు. మర్నాటి నుంచి పిన్ని తూచినదాన్ని ముందు కొట్టులో పొట్లాలు కట్టే ఆవిడ మళ్ళీ తూచేది. పిన్ని చేట పక్కన ఇంకో మనిషి నిలబడి ఆమె చేతుల వంకే చూస్తుండేది. ఆర్నెల్ల పాటు పిన్ని అది భరించింది. "ఎదుటి మనిషి మన చేతుల వంక చూస్తుంటే లవంగం కూడా జారిపోతుందిరా," అని చెప్పింది నాకు. ఆ ఒక్క మాటే. అంతకు మించి ఫిర్యాదు చెయ్యలేదు.

యజమానితో ఇంకో గొడవ మాత్రం మానలేదు. గొంతు నొప్పి మూడు వారాలకి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళమని పొట్లం మీద అచ్చు వెయ్యమంది. బీపీ ఉన్నవాళ్ళు అడిగి వాడమని కూడా వెయ్యమంది.

"మన సరుకు మీద మనమే అనుమానం పుట్టిస్తామా?" అన్నాడాయన.

"పుట్టిస్తే తప్పేంటండీ? ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ సరుకునంతా అనుమానించడానికేగా నన్ను కూర్చోబెట్టారు."

ఆయన ఒప్పుకోలేదు. పిన్ని అచ్చు కోసం ఆగలేదు. ఏరే గదికీ కొట్టుకీ మధ్య తలుపు లేదు. ఎవరొచ్చి గొంతు పొడి అడిగినా లోపలి నుంచి కేక. "ఎన్నాళ్ళ నుంచి?" ఒక కండక్టరు, "మీకెందుకమ్మా?" అని కోపంగా వెళ్ళిపోయాడు. ఒక పంతులమ్మ నెల రోజుల నుంచి అంటే, పొట్లం ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ఆ పంతులమ్మకి తరవాత ఏం లేదని తేలింది. పిల్లల మీద అరిచి అరిచి గొంతు పుండైందంతే. ఆవిడ వచ్చి, "ఊరికే భయపెట్టారు," అని పిన్నిని దులిపేసి మరీ వెళ్ళింది. యజమాని నవ్వాడు. పిన్ని నవ్వలేదు, మానలేదు.

మరాయన భార్యకి ఆపరేషను అయింది. ఆ తరవాత కొన్ని వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగారు. పొడి మానేసరికి కాళ్ళ వాపు తగ్గి సత్తువ వచ్చింది. గొంతు మాత్రం సగమే తిరిగొచ్చింది. ఇప్పుడు బండి మీద కేకెయ్యదు. రాయితో తక్కెడ పళ్ళేన్ని కొడుతుంది. వీధివాళ్ళు ఆ చప్పుడుకి అలవాటు పడ్డారు.

మరాయన మళ్ళీ పిన్నిని చెల్లెమ్మా అని పిలవడానికి చాలా కాలం పట్టింది. ఎదురుగానే కూర్చునేవాడు, కారియరు విప్పేవాడు, తినేవాడు. ఒకరోజు మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని, "ముందు నన్నడగొచ్చుగా," అన్నాడు. పిన్ని తల దించుకుంది. బాబాయి కూడా అదే చెప్పాడని ఆయనతో అనలేదు.

ఆ ఏడాది చివర్లో ఒక పొద్దున మరాయన భార్య తన బండి కొట్టు ముందు ఆపి సరాసరి ఏరే గదిలోకి వచ్చింది. ఆకుకూర కట్టలు రెండు పిన్ని ఒళ్ళో పెట్టింది. పిన్ని అలవాటు కొద్దీ కట్ట విప్పి మధ్యలో కుళ్ళిన ఆకులున్నాయేమోనని చూసింది. ఆవిడ చూస్తూ నిలబడింది.

"నీ అనుమానం వల్లే బతికాను వదినా," అంది తన సగం గొంతుతో. "కానీ మా ఆయన్ని దొంగ అనుకున్నావు కదూ?"

పిన్ని విప్పిన కట్టని మళ్ళీ ముడేసింది. దాచితే దాగేది కాదు. "అనుకున్నాను," అంది.

"మరి తీసుకొచ్చింది దొంగతనంగానేగా," అని ఆవిడ నవ్వింది. నవ్వు గరగరమంటూ దగ్గులోకి దిగింది. వెనక గదిలో మర ఆగింది. ఒక చెవే వినపడే మనిషికి ఆ దగ్గు ఎలా వినపడిందో, మరాయన గుమ్మం దాకా వచ్చి భార్య వంకా పిన్ని వంకా మార్చి మార్చి చూశాడు. పిన్ని కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ గటగటా తాగేసి, పైట చెంగుతో మూతి తుడుచుకుని, ఎండెక్కుతోందని బండి దగ్గరికి వెళ్ళిపోయింది.